ప్రత్యక్ష ప్రసారం ఉంచాలా, ఆపాలా: సంఘాల తగవుకు 2020 ఈస్టర్ నేపథ్యం

ఆదివారపు ఆరాధనను యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపడం కొనసాగించాలా, ఆపాలా అన్న తగవు ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల సంఘ కమిటీల్లో మళ్లీ తలెత్తింది. పైకి కెమెరాల ఖర్చు గురించిన చర్చలా కనిపిస్తున్నా, మందిరానికి రాలేని మనిషిని సంఘం ఏ దారిన చేరుకోవాలన్నదే ఇందులోని అసలు ప్రశ్న.

1840లో నెల్లూరులో మొదలైన బాప్టిస్టు మిషను గురించీ, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం గురించీ ఇక్కడి విశ్వాసులకు కొత్తగా చెప్పనక్కరలేదు. నేటి తగవుకు పనికివచ్చేది ఆ తర్వాతి ఇబ్బంది. విశ్వాసులు పాలేల్లో చెదిరి ఉండగా, అన్ని ఊళ్లకూ వెళ్లగల బోధకులు ఒంగోలు మిషనును నడిపిన అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దగ్గర లేరు. ఉన్నవారు మూడు నెలలకొకసారి ఒంగోలులో కూడి తమ పల్లెల సంగతులు చెప్పుకునేవారు, ఇళ్లలోకి బైబిలు స్త్రీలు వెళ్లేవారు. అంటే మాట ఒంగోలు నుంచి పల్లెకు వెళ్లినట్టే, పల్లె నుంచి ఒంగోలుకూ వచ్చేది. తర్వాత వచ్చిన మైకు, రేడియో, టీవీ మొదటి దారినే బలపరిచాయి. రేడియో శ్రోతలు కనీసం ఉత్తరాలు రాసేవారు, టీవీ కాలానికి అదీ సన్నగిల్లింది.

అసలు మలుపు 2020లో వచ్చింది. రాష్ట్రంలో తొలి కరోనా కేసు మార్చి 12న నెల్లూరులోనే నమోదైంది. మార్చి 25 నుంచి లాక్‌డౌన్ మొదలై, ఏప్రిల్ 10న శుభ శుక్రవారానికీ, 12న ఈస్టర్‌కూ మందిరాలు మూతపడే ఉన్నాయి. జూన్ 8న ప్రార్థనాలయాలు తెరుచుకోవడానికి అనుమతి వచ్చేవరకు, ఫోను తప్ప సంఘానికి మరో ఆవరణ లేకపోయింది. పట్టణ సంఘాలు పాస్టర్‌గారి ప్రసంగాన్ని ఫేస్‌బుక్‌లోనో యూట్యూబ్‌లోనో పెట్టాయి, కొన్ని జూమ్‌లో నలభై నిమిషాల ఉచిత సమయానికి సరిపడా ఆరాధనను కుదించుకున్నాయి. నేటి తగవులో ఒక పక్షం చెప్పే చరిత్ర ఇక్కడితో ముగుస్తుంది. ప్రసారం వల్లే సంఘం నిలిచిందనీ, హైదరాబాదులోనో కువైట్‌లోనో ఉన్న బిడ్డలు ఇంటివారి భూస్థాపన ఆరాధననైనా చూడగలిగారనీ వారంటారు. ఆ మాట నిజమే.

రెండో పక్షం, ముఖ్యంగా స్త్రీల సమాజాల్లోని పెద్దవారు చెప్పే సంగతి అంత తరచుగా వినబడదు గానీ, ఆ రోజులను అది మరింత బాగా వివరిస్తుంది. పాలేల్లో చాలామంది ముసలివారి చేతుల్లో ఉన్నవి బటన్ ఫోన్లు. వారికి యూట్యూబ్ అందలేదు. వారిని నిలిపింది సాయంత్రం వచ్చే ఫోను: ఐదారుగురిని ఒకేసారి కలపగల మామూలు కాన్ఫరెన్స్ కాల్‌లో ఒకరు కీర్తన ఎత్తుకుంటే మిగిలినవారు అందుకున్నారు, ఒకరి ప్రార్థన విన్నపాన్ని మరొకరు విన్నారు. మందు అయిపోయిందనీ, బియ్యం నిండుకున్నాయనీ సంఘానికి తెలిసింది అలాంటి పలకరింపుల వల్లే. పూర్వం బైబిలు స్త్రీ ఇల్లిల్లూ తిరిగి చేసిన పనినే ఆ ఫోను చేసిందని నా అభిప్రాయం. మందిరాలు తెరిచాక ఆ పిలుపులు ఆగిపోయి కెమెరాలు మిగిలిపోవడమే నేటి అసంతృప్తికి మూలం. పెద్ద సంఘాల ప్రసారాలకు అలవాటుపడిన కుటుంబాలు పక్కనే ఉన్న చిన్న మందిరానికి రాకపోవడం, ఫోన్‌పే కానుకలు కూడా అటే మళ్లడం దానికి తోడయ్యాయి.

కెమెరా గురించి ఇంకొక భయం ఉంది, దాన్ని తేలికగా తీసుకోకూడదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు, ఆంధ్రప్రదేశ్‌లో వారిని బీసీ-సి కింద లెక్కిస్తారు. మతం మారినవారు ఎస్సీ, ఎస్టీ చట్టం రక్షణ కోరలేరని 2025లో రాష్ట్ర హైకోర్టు ఒక కేసులో తేల్చిచెప్పింది. ఈ స్థితిలో బాప్తిస్మపు వీడియో ఒక కుటుంబం చదువుల మీద, ఉద్యోగాల మీద, ఫిర్యాదుల మీద ప్రభావం చూపగల ఆధారమవుతుంది. మందిరంలో కూర్చున్న మనిషి ముఖాన్ని అడగకుండా లోకానికి చూపే హక్కు కమిటీకి ఎక్కడిదని పాలేల విశ్వాసులు అడుగుతున్నారు. సువార్త దాచుకునేది కాదని మొదటి పక్షం ఇచ్చే జవాబు ఆ ప్రశ్నకు సరిపోదు.

పైనుంచి ఆజ్ఞ వస్తే తగవు తీరుతుందనుకోవడానికీ లేదు. 1962లో ఏర్పడిన తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం ఉన్నా, బాప్టిస్టు పద్ధతిలో ఇలాంటి నిర్ణయం స్థానిక సంఘ సభ్యులదే. అందువల్ల ఛానల్ పాస్టర్‌గారి పేరున ఉండాలా, సంఘం పేరున ఉండాలా, కెమెరా వేదిక వైపే తిరగాలా, రాతపూర్వక అంగీకారం లేకుండా బాప్తిస్మాన్ని చూపవచ్చా అన్నవి ఒక్కో సంఘం తన సభలో విడిగా తీర్మానించుకోవలసినవే. ఆ తీర్మానాల్లోనే బటన్ ఫోన్లు ఉన్నవారి జాబితా, వారికి వారంవారం ఎవరు ఫోన్ చేయాలన్న బాధ్యత కూడా చేర్చాలని స్త్రీల సమాజాలు కోరుతున్నాయి. ప్రసారం ఉంచినా ఆపినా ఈ కోరిక నెరవేర్చడానికి కొత్త ఖర్చేమీ లేదు, కావలసినది వారానికొక పూట తీరిక ఉన్న మనుషులే.