వితండవాదం తిట్టుగా మారకముందు

"వితండవాదం చెయ్యకు" అని ఇంట్లో ఒక్కసారైనా అనిపించుకోనివాళ్లు ఉండరేమో. కానీ ఇది మొదట్లో తిట్టు కాదు. వాదించడమెలాగో ఒక శాస్త్రంగా చదివినవాళ్లు పెట్టుకున్న పేరు.

క్రీ.శ. తొలి శతాబ్దాల్లో కుదురుకున్న గౌతముడి న్యాయసూత్రాలు (ఇక్కడ న్యాయమంటే తర్కశాస్త్రం) చర్చను 3 రకాలుగా చూశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం, ఇందులో మాటల మెలికలు కూడా చెల్లుతాయి. తన పక్షమేదో నిలబెట్టకుండా అవతలివాడిదాన్ని పడగొడుతూ పోతే అది వితండ. మాటల మెలికకు, ఆ సూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యంలో ఇచ్చిన ఉదాహరణ తెలుగులోనూ పనిచేస్తుంది: "ఇతను నవకంబళుడు" అంటే కొత్త కంబళి ఉన్నవాడని అర్థం, కానీ నవ అంటే తొమ్మిది అని కూడా అర్థం కాబట్టి అవతలివాడు "తొమ్మిది ఎక్కడున్నాయి, ఒకటే కనిపిస్తోందే" అంటాడు. దీన్ని ఛలం అన్నారు.

ఓడిపోయినట్టు ఎప్పుడు లెక్క అన్నదానికి 22 నిగ్రహస్థానాలు చెప్పారు. అసలు విషయం వదిలేసి ఇంకేదో మాట్లాడటం, చెప్పిందే చెప్పడం, జవాబు తోచకపోవడం... వీటిలో నాకు బాగా నచ్చింది విక్షేపం: "నాకు పనుంది" అని చర్చ మధ్యలో లేచిపోవడం. ఈ గొడవ తార్కికులకే పరిమితం కాదు, చరకసంహిత వైద్యులకు కూడా స్నేహంగా మాట్లాడుకునే చర్చ వేరు, పోటీగా చేసే చర్చ వేరు అని చెప్పి, బరిలోకి దిగేముందు అవతలివాడి బలాన్నీ సభ తీరునూ అంచనా వేసుకోమంటుంది.

మరి వితండను అసలు ఎందుకు ఒప్పుకున్నారు? మొలకల్ని కాపాడటానికి ముళ్లకంపతో కంచె వేసినట్టు, తేల్చుకున్న తత్త్వాన్ని కాపాడుకోవడానికి జల్ప వితండలు అంటుంది సూత్రం. పైగా "నాకు ప్రతిజ్ఞ (అంటే నిలబెట్టాల్సిన పక్షం) అంటూ ఏదీ లేదు" అని బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడు విగ్రహవ్యావర్తని అనే పుస్తకంలో బాహాటంగానే అన్నాడు, ఆయన్ని మొండివాడని ఎవరంటారు? నైయాయికులకు, అంటే న్యాయసూత్రాల దారిలో నడిచిన తార్కికులకు, మాత్రం ఇలాంటి వాదన వితండలాగే కనిపించింది.

తర్వాత 17వ శతాబ్దంలో మన అన్నంభట్టు తర్కసంగ్రహం రాశాడు. "కాశీకి వెళ్లినంత మాత్రాన అన్నంభట్టు కాలేరు" అన్న నానుడి ఆయన మీదిదే. తర్కం మొదలుపెట్టే పిల్లలు ఇప్పటికీ అదే చదువుతారు. కొండ మీద పొగ, వంటింట్లో నిప్పు లాంటి పొగను చూసి నిప్పుందని తేల్చే ఉదాహరణలు, హేతువులో (చూపించే కారణంలో) దొర్లే తప్పులు అన్నీ ఉంటాయి, వాద జల్ప వితండలకు మాత్రం మూలంలో విడిగా చోటు లేదు, వాటిని దానికి తనే రాసుకున్న వ్యాఖ్య దీపికలో క్లుప్తంగా ముగించాడు. పాఠంలోంచి జారిపోయిన మాట తిట్టుగా ఇళ్లలో మిగిలిపోయిందని నా అనుమానం.

పశ్చిమంలో 1958లో టూల్మిన్ అనే తాత్త్వికుడు ఒకవైపు, పెరెల్మాన్, ఓల్బ్రెక్ట్స్-టిటెకా అనే ఇద్దరు కలిసి మరోవైపు, రోజువారీ వాదనలు గణితంలాంటి తర్కంలో ఇమడవని పుస్తకాలు రాశాక ఈ చదువు మళ్లీ ఊపందుకుంది. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పిన బిమల్ కృష్ణ మతిలాల్ ఈ మూడు రకాల చర్చనూ ఇంగ్లిష్ చదివేవాళ్లకు వివరంగా పరిచయం చేశారు.