ఫ్యూజు బాక్సు ఎక్కడుండాలి? విశాఖ ఇళ్లలో నేను వినే అపోహలు - వాస్తవాలు

పెదవాల్తేరు నుంచి మధురవాడ దాకా ఇరవై రెండేళ్లుగా ఇళ్ల వైరింగ్ పనులు చేస్తున్నాను. ఎవరింటికి వెళ్లినా ముందు అడిగేది ఒకటే: "అమ్మా, మీ డీబీ ఎక్కడుంది?" ఫ్యూజులు, ఎమ్‌సీబీలు (లోడు ఎక్కువైతే తమంతట తామే పడిపోయి కరెంటు ఆపే స్విచ్చులు) ఉండే పెట్టెను మేం డీబీ అంటాం. చాలా ఇళ్లలో ఈ ప్రశ్నకు వెంటనే జవాబు రాదు. క్యాలెండరు ఎత్తి చూపిస్తారు, లేకపోతే బీరువా జరపాలంటారు.

అపోహ: ఆ పెట్టె కనబడితే హాలు అందం పోతుంది, ఎక్కడైనా దాచేస్తే సరి.

లాసన్స్ బే కాలనీలో ఒక ఫ్లాటు. ఇంటీరియర్ పని చేసినవాళ్లు డీబీ చుట్టూ చెప్పుల అలమర కట్టి, ముందు ప్లైవుడ్ తలుపు బిగించారు. ఒక రాత్రి గీజరు స్విచ్చు దగ్గర పొగ మొదలైంది. ఇంటాయన నైట్ షిఫ్టులో ఉన్నారు. ఇంటావిడ ఫోన్ టార్చి పట్టుకుని, చెప్పులన్నీ బయటికి లాగి మెయిన్ స్విచ్చు దించేసరికి స్విచ్‌బోర్డు కరిగిపోయి గోడంతా మసి పట్టింది. తెల్లారి నేను వెళ్లేసరికి కూడా ఆవిడ చేతులు వణుకుతూనే ఉన్నాయి. "పెట్టె ఎక్కడుందో తెలుసు బాబూ, చెయ్యే అందలేదు" అన్నారు.

ఆ మాట విన్నప్పటి నుంచి డీబీ చోటు విషయంలో నేను ఎవరికీ సర్దుకుపోవడం లేదు. చీకట్లో తడుముకుంటూ వెళ్లినా చెయ్యి అందాలి. వీధి గుమ్మానికి దగ్గర్లో, చెమ్మ లేని గోడ మీద, సుమారు ఐదడుగుల ఎత్తులో పెట్టించండి. దాని ముందు అలమరలు, బియ్యం డ్రమ్ములు వద్దు. ఏ ఎమ్‌సీబీ ఏ గదిదో తెలుగులో రాసి అంటించండి. ఇంట్లో అత్తగారికీ, పదేళ్ల పిల్లకీ కూడా మెయిన్ దించడం నేర్పండి.

అపోహ: కరెంటు అంటే అగ్ని, కాబట్టి డీబీ వంటగదిలోకి వచ్చినా సరే ఆగ్నేయంలోనే ఉండాలి.

వాస్తు నమ్మేవాళ్లతో నేను వాదించను. ఆగ్నేయమే కావాలంటే ఆ గోడకు వంటగది అవతలి వైపు పెట్టుకోవచ్చు. పొయ్యి మీద మాత్రం వద్దు. ఆవిరి, నూనె జిడ్డు, సింకు నీళ్లు అన్నీ అక్కడే. గ్యాస్ లీకైనప్పుడు స్విచ్చులో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. గ్యాస్ పొయ్యి పైన, సింకు పైన, బాత్రూముల్లో మెయిన్ బోర్డు పెట్టకూడదని మన దేశపు వైరింగ్ ప్రమాణాలు కూడా చెబుతున్నాయి.

అపోహ: ఎమ్‌సీబీలు వేయించాం, ఇక షాక్ కొట్టదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టే నమ్మకం ఇదే. ఎమ్‌సీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. తడి చేతుల్తో 230 వోల్టుల ఫేజు (కరెంటు వచ్చే తీగ) పట్టుకుంటే ఒంట్లోంచి పారే కరెంటు దాదాపు 200 మిల్లీ ఆంపియర్లు, అంటే ఆంపియరులో ఐదో వంతు. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీకి అది లెక్కలోకే రాదు. గుండె ఆగిపోవడానికి మాత్రం సరిపోతుంది.

మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో, అంటే తిరుగు తీగలో, వెనక్కి వస్తోందా అని అది చూస్తూ ఉంటుంది. తేడా వస్తే 0.3 సెకను దాటకముందే సప్లై కోసేస్తుంది. అయితే ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికీ తెలియదు. ఓవర్‌లోడూ దానికి పట్టదు. అందుకే రెండూ ఉండాలి.

వానాకాలంలో ఆర్‌సీసీబీ పడిపోతోందని, దాన్ని తప్పించి లైను డైరెక్ట్ చేయించుకున్న ఇళ్లు చూశాను. దయచేసి అలా చేయకండి. ఎక్కడో తడి గోడలోంచి కరెంటు లీకవుతోందని అది చెబుతోంది. ఇన్వర్టరు న్యూట్రల్, ఇంటి న్యూట్రల్ కలిసిపోయినా పడుతుంది. ఒక పూట కూర్చుంటే కారణం దొరుకుతుంది.

అపోహ: ఎర్తింగ్ గుంట తవ్వించాం కదా.

తవ్వించి ఎన్నేళ్లయింది? బీచ్ వైపు ఇసుక నేల ఎండలకు త్వరగా ఆరిపోతుంది, ఉప్పుగాలికి ఇనుప తీగ తుప్పు పట్టి లోపలే తెగిపోతుంది. ఎర్త్ రెసిస్టెన్సు, అంటే కరెంటు భూమిలోకి పోవడానికి ఉండే అడ్డు, 100 ఓములకు పెరిగిందనుకోండి. ఫ్రిజ్ బాడీకి ఫేజు తగిలినా భూమిలోకి పారేది 2.3 ఆంపియర్లే. ఎమ్‌సీబీ పడదు, ఫ్రిజ్ తలుపు షాక్ కొడుతూనే ఉంటుంది. అదే ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే వెంటనే పడిపోతుంది. వేసవిలో గుంటలో నీళ్లు పోయండి, మంచిదే. ఏడాదికోసారి ఎర్త్ టెస్టరుతో కొలిపించండి కూడా.

ఇదే ఉప్పుగాలి డీబీలోకీ వస్తుంది. సముద్రానికి దగ్గరి ఇళ్లలో రాగి కొసలకు పచ్చటి చిలుము పడుతుంది, స్క్రూలు వదులవుతాయి, అక్కడ వేడెక్కుతుంది. అందుకే సముద్రం వైపు బాల్కనీలో డీబీ పెట్టనివ్వను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయాక, తడిసిన బోర్డులను ఆరనివ్వకుండానే మెయిన్ ఎత్తిన ఇళ్లకు వెళ్లాను. మాడిన వాసన వీధిలోకే వచ్చేది.

అపోహ: ఎమ్‌సీబీ మాటిమాటికీ పడిపోతోంది, పెద్దది వేస్తే పోతుంది.

గోడలో ఉన్నది 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. దాని మీద 32 ఆంపియర్లది వేస్తే ఎమ్‌సీబీ కన్నా ముందు వైరు కాలుతుంది. పాత పింగాణీ ఫ్యూజులో లావు రాగి తీగ చుట్టడమూ అంతే. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. ఏసీ, గీజరు ఒకే లైను మీద ఉంటే లైన్లు విడదీయించాలి.

అపోహ: ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కితే పాడవుతుంది.

అది నొక్కడానికే పెట్టారు. నెలకోసారి నొక్కండి. ఇల్లంతా కరెంటు పోవాలి, మీట ఎత్తగానే రావాలి. నొక్కినా పోకపోతే ఆ రోజే మార్పించండి.