ఇంటిపేరు వినగానే ఏం జరుగుతుంది? తెలియని మొగ్గును కొలిచిన కథ

"మీ ఇంటిపేరేంటండీ?" అని అడిగి, జవాబు వినగానే ఎదుటి మనిషి ముఖంలో వచ్చే చిన్న మార్పును చూడని తెలుగువాళ్లు తక్కువ. అడిగినవాళ్లలో కులం పట్టింపు లేదని నమ్మేవాళ్లూ ఉంటారు, ఆ మాట వాళ్లు మనస్ఫూర్తిగానే అంటారు. పైకి అనే మాటకీ, ఆ రెప్పపాటులో లోపల కదిలినదానికీ మధ్య ఉన్న ఎడాన్ని కొలవడం ఎలా? ఈ ప్రశ్న వెంటపడ్డవాళ్లలో ముందు వరసలో నిలిచే మనస్తత్వవేత్త మహ్జరీన్ బనాజీ సికింద్రాబాద్ పార్సీ కుటుంబంలో పుట్టారు. నిజాం కాలేజీలో, ఉస్మానియాలో చదువుకున్నారు. ఢిల్లీ జేఎన్‌యూలో ఉండగా ఒకసారి రైల్లో ఇంటికి వస్తూ, దారిలో ఒక పెద్ద స్టేషన్లో సోషల్ సైకాలజీ (మనుషులు ఒకరినొకరు ఎలా చూస్తారో, ఎలా నడుచుకుంటారో చదివే శాస్త్రం) హ్యాండ్‌బుక్ అయిదు సంపుటాలు కొన్నారు. ఒక్కోటి డాలరు విలువ చేసే ధర. ఇల్లు చేరేసరికి మొదటి సంపుటం అయిపోయింది. బతుకంతా చేయాల్సిన పని ఇదేనని ఆమెకు తేలిపోయింది.

ఫలానావాళ్లంతా ఇలాంటివాళ్లే అని ముందే వేసుకునే ముద్రను స్టీరియోటైప్ అంటారు. అసలది అచ్చుయంత్రాల వాళ్ల మాట. పేర్చిన అక్షరాల నుంచి పోత పోసిన లోహపు పలక అది. ఎన్నిసార్లు అచ్చేసినా అదే పేజీ వస్తుంది. అమెరికన్ పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ 1922లో ఆ మాటను మన తలల్లో ముందే అచ్చయి ఉండే బొమ్మలకు వాడాడు. 1933లో ప్రిన్‌స్టన్‌లో వంద మంది విద్యార్థులకు గుణాల జాబితా ఇచ్చి, ఏ జాతివాళ్లు ఎలాంటివాళ్లో చెప్పమంటే మొహమాటం లేకుండా చెప్పేశారు. కాలం మారాక జనం సర్వేల్లో మంచి జవాబులు చెప్పడం నేర్చుకున్నారు. అయినా ఇళ్ల దగ్గర, ఉద్యోగాల దగ్గర తేడా చూపడం ఆగలేదు. అడిగి తెలుసుకునే పద్ధతి చాలదని అలా అర్థమైంది.

మనస్తత్వవేత్తలైన కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు 1940ల్లో నల్లజాతి చిన్నపిల్లల ముందు రెండు బొమ్మలు పెట్టారు. తేడా రంగులోనే. మంచి బొమ్మ ఏదో ఇవ్వమంటే ఎక్కువమంది తెల్ల బొమ్మే ఇచ్చారు. ఆ పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. చుట్టూ ఉన్న లోకమే వాళ్లలోకి ఇంకిపోయింది. బడుల్లో జాతుల వారీ విభజనను కొట్టేస్తూ అమెరికా సుప్రీంకోర్టు 1954లో ఇచ్చిన తీర్పు, కెన్నెత్ క్లార్క్ పనిని ఫుట్‌నోట్‌లో ప్రస్తావించింది.

ఇలా మనకు తెలియకుండానే లోపల పనిచేసేదాన్ని 'ఇంప్లిసిట్' అంటారు. ఆ మాట జ్ఞాపకశక్తి పరిశోధనల నుంచి వచ్చింది. నిన్న ఎక్కడో విన్న అనామకుడి పేరు ఇవాళ వింటే ఎవరో ప్రముఖుడి పేరులా అనిపిస్తుందని అక్కడి ఒక ప్రయోగంలో తేలింది. బనాజీ, ఆమె గురువు ఆంథొనీ గ్రీన్‌వాల్డ్ ఇదే ప్రయోగంలో ఆడవాళ్ల పేర్లు కూడా కలిపి చూశారు. రెండూ నిన్న విన్నవే అయినా మగపేర్లకే ఎక్కువగా కీర్తి అంటుకుంది.

1998లో గ్రీన్‌వాల్డ్, మరో ఇద్దరు కలిసి ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్‌ను, అంటే మనసులో తెలియకుండా జతపడ్డవాటిని కొలిచే పరీక్షను, ప్రచురించారు. దాని కిటుకు తేలిక. మల్లె, చేమంతి లాంటి పూలపేర్లకూ, సంతోషం లాంటి మంచి మాటలకూ ఎడమ మీట నొక్కాలి. బొద్దింకకూ, దుఃఖానికీ కుడి మీట. చకచకా సాగిపోతుంది. ఇప్పుడు బొద్దింకనూ సంతోషాన్నీ ఒకే మీటకు కలపండి, వేలు తడబడుతుంది. ఆ తడబాటును సెకనులో వెయ్యో వంతుల్లో లెక్కగట్టి స్కోరు ఇస్తారు. పూలూ పురుగుల చోట తెల్లవాళ్ల పేర్లు, నల్లవాళ్ల పేర్లు పెట్టినప్పుడు గ్రీన్‌వాల్డ్ వేలే తడబడింది. తర్వాత బనాజీదీ అంతే. అదే ఏడాది పరీక్షను ఇంటర్నెట్లో అందరికీ తెరిచారు. లక్షల మంది చేశారు.

ఇక్కడి నుంచే దారి తప్పింది అంటాను. ఒకే మనిషికి ఇవాళ వచ్చిన స్కోరు వచ్చే వారం రాకపోవచ్చు. ఆ స్కోరును బట్టి ఫలానా మనిషి ఎలా ప్రవర్తిస్తాడో చెప్పడమూ కష్టమే. అయినా కంపెనీలు దీన్ని మందులా పట్టుకున్నాయి. 2018 ఏప్రిల్లో ఫిలడెల్ఫియా స్టార్‌బక్స్‌లో ఇద్దరు నల్లజాతి యువకులను అరెస్టు చేయడంతో గొడవైంది. మే 29న ఆ సంస్థ అమెరికాలో సుమారు 8,000 షాపులు ఓ పూట మూసి, ఇలాంటి మొగ్గు గురించి ఉద్యోగులకు శిక్షణ ఇచ్చింది. పూట క్లాసుతో మనసు మారుతుందా? స్కోరును తగ్గించే ఉపాయాలు ఉన్నా, వాటి ప్రభావం గంటల్లోనో రోజుల్లోనో కరిగిపోతోందని 2016లో తేలింది. 492 అధ్యయనాలను కలిపి చూసిన 2019 నాటి విశ్లేషణలోనూ, స్కోరు మారినంత మాత్రాన నడత మారుతుందనడానికి ఆధారం దొరకలేదు. థర్మామీటరును మాత్రగా మింగించినట్టయింది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలున్న దరఖాస్తులు వేర్వేరు పేర్లతో పంపారు. మొత్తం 4,808. పైకులం పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతే. పక్కన పడేసిన చెయ్యి తెలిసి పడేసిందా, తెలియకనా అన్నది ఇలాంటి అధ్యయనం చెప్పజాలదు. కులం సంగతిలో చాలావరకు తెలిసే చేస్తారని నా నమ్మకం. 'అన్‌కాన్షస్' (తెలియకుండా జరిగింది) అనే మాట అలాంటివాళ్లకు ముసుగు కాకూడదు.

పేరు ప్రభావం పేరున్నవాళ్ల మీదా పడుతుంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో పిల్లలకు కాగితం మీద దారి వెతికే చిక్కుముడులు ఇచ్చారు. కులం బయటపెట్టనప్పుడు అందరూ సమానంగా చేశారు. పేరు, కులం నలుగురిలో చదివి వినిపించాక అణగారిన కులాల పిల్లలు బాగా వెనకబడ్డారు.

మనసును కడిగే ప్రయత్నం కన్నా పేరు కనపడకుండా చూసే ఏర్పాటే నాకు గట్టిగా కనిపిస్తుంది. మన టెన్త్, ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్లో అది ఉంది. విద్యార్థి వివరాలున్న ఓఎమ్మార్ ముక్క చించేశాకే పేపరు దిద్దేవాళ్ల చేతికొస్తుంది. దిద్దే మాస్టారు ఎలాంటివారైనా ఆ పేపరు ఎవరిదో ఆయనకు తెలియదు. కొరతల్లా ఆ ఏర్పాటు రాతపరీక్ష దగ్గరే ఆగిపోవడం. ప్రాక్టికల్స్‌కీ, క్యాంపస్ ఇంటర్వ్యూకీ, అద్దె ఇంటికీ పిల్లలు పేరు చెప్పే వెళ్లాలి.