ఒట్టు పెట్టని మనుషులు: పాలమూరు, నల్లగొండ సంఘాల వెనక ఉన్న పాత పట్టుదల

ఎన్నికలు దగ్గరపడితే మన పల్లెల్లో పాస్టర్లకు ఒక ప్రశ్న తప్పదు. ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ ఇళ్లకు పోయాక, ఎవరో ఒక అక్క పక్కకు వచ్చి అడుగుతుంది: "అయ్యగారూ, మొన్న పైసలిచ్చి పిల్లల మీద ఒట్టు పెట్టించుకున్నరు. ఇప్పుడు ఇంకొకళ్లకు ఓటేస్తే పాపం తగుల్తదా?"

చాలామంది "ఒట్టు తప్పకూడదమ్మా" అనో, "అసలు పైసలెందుకు తీసుకున్నవ్" అనో చెప్పి పంపిస్తారు. నిజానికి ఆమె అడిగినదాని వెనక క్రైస్తవంలో చాలా పొడవైన చరిత్ర ఉంది. పైగా దాంట్లో ఒక ముఖ్యమైన పాయ మన నల్లగొండ, మహబూబ్‌నగర్ సంఘాల పుట్టుకతోనే ముడిపడి ఉంది.

పది ఆజ్ఞల్లో కనిపించే మాట "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అనేది. చాలామంది ప్రొటెస్టెంట్ల లెక్కలో అది తొమ్మిదోది, కేథలిక్కుల లెక్కలో ఎనిమిదోది. అది పంచాయితీ కోసం ఇచ్చిన ఆజ్ఞ. ఊరి గవిని దగ్గర పెద్దలు కూర్చొని తీర్పు చెప్పే రోజులవి. వేలిముద్రల పరీక్ష లేదు, కెమెరా లేదు, సాక్షి నోటి మాట మీదే మనిషి బతుకైనా చావైనా. అందుకే ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయం ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ శిక్షించొద్దని, ఇద్దరో ముగ్గురో ఉండాలని చెప్తుంది. సాక్షి చెప్పింది అబద్ధమని తేలితే, ఎదుటివాడికి ఏ శిక్ష పడాలని చూశాడో అదే శిక్ష అతనికి వేయమంటుంది.

ఈ ఆజ్ఞ మీరితే ఏమవుతుందో చూడాలంటే మొదటి రాజులు 21వ అధ్యాయంలో నాబోతు సంగతి చదవాలి. అహాబు రాజుకు తన కోట పక్కన ఉన్న ద్రాక్షతోట కావాలి, కూరగాయలు పెంచుకోవడానికి. నాబోతు "ఇది మా తాతలిచ్చిన భూమి, ఇయ్యను" అన్నాడు. రాజు అలిగి, మొహం తిప్పుకొని, అన్నం ముట్టకుండా మంచమెక్కాడు. రాణి యెజెబెలు రాజు పేరుతో ఉత్తరాలు రాయించి, రాజు ముద్ర వేసి, ఊరి పెద్దలకు పంపింది. ఇద్దరు పనికిమాలినవాళ్లను తెచ్చి, "వీడు దేవుణ్ణీ రాజునూ తిట్టాడు" అని సాక్ష్యం చెప్పించారు. నాబోతును ఊరి బయటికి తీసుకుపోయి రాళ్లతో కొట్టి చంపారు. ఆ కబురు రాగానే రాణి "లేచి తోట స్వాధీనం చేసుకో" అంది. దొంగ కాగితం, అసలు ముద్ర, ఇద్దరు సాక్షులు. 1985లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయేదాకా, పహాణీలో ఒక్క గీత మారితే భూమి చేతులు మారిన ఊళ్లు మనవి. చదువు రానివాళ్ల వేలిముద్రలతో ఏమేం రాయించుకున్నారో ఆ ఊళ్లలో ముసలివాళ్లను అడిగితే చెప్తారు. నాబోతు కథకు వాళ్లకు వ్యాఖ్యానం అక్కర్లేదు.

బైబిల్ ఆ కథలో వేలెత్తి చూపేది ఎవరినో గమనించాలి. ఏలీయా ప్రవక్త ఆ ఇద్దరు సాక్షుల ఇళ్లకు పోలేదు. తోటలోకి దిగిన రాజు దగ్గరికే పోయి "చంపి స్వాధీనం చేసుకున్నావా?" అని నిలదీశాడు.

ఇక దేవుని స్వభావం. తీతు పత్రిక ఆయన అబద్ధమాడలేనివాడని అంటుంది. యోహాను సువార్త 8వ అధ్యాయంలో యేసు అపవాదిని, అంటే సాతానును, అబద్ధానికి జనకుడన్నాడు. ఆదికాండంలో సర్పం హవ్వ ముందు చేసిందీ అదే, దేవుడన్న మాటను పట్టుకొని "మీరు చావనే చావరు" అని తిప్పడం. క్రైస్తవుల దృష్టిలో అబద్ధం ఆడడమంటే ఎవరి పక్షాన నిలబడ్డామో చెప్పుకోవడమే.

యేసు కాలానికి ఒట్లలో కూడా తరగతులు ఏర్పడ్డాయి. దేవాలయం మీద ఒట్టు పెడితే ఏమీ లేదు, దేవాలయంలోని బంగారం మీద పెడితే మాత్రం కట్టుబడాలి, ఇలాంటి లెక్కలు. మత్తయి 23లో ఆయన ఆ లెక్కలను ఎండగట్టాడు. అంతకుముందే కొండమీది ప్రసంగంలో తేల్చి చెప్పాడు: "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను." ఆకాశం మీద వద్దు, భూమి మీద వద్దు, నీ తల మీద కూడా వద్దు, ఒక్క వెంట్రుకను తెల్లగా చేయలేవు, నల్లగా చేయలేవు అన్నాడు. పిల్లల తల మీద చెయ్యి పెట్టించే మన అలవాటుకు ఇంతకంటే సూటి జవాబు నాకు కనబడదు. ఒట్టు ఉన్న మాటే నిజమైతే, ఒట్టు లేని మాటలన్నిటికీ అబద్ధమయ్యే వీలు మిగిలిపోతుంది. ఆయన ఆ వీలు లేకుండా చేశాడు.

యేసును పట్టుకున్న రాత్రి పేతురు ఈ పాఠం ఎంత త్వరగా మరిచిపోయాడో సువార్తలు దాచకుండా రాశాయి. లోపల యేసు మీద అబద్ధసాక్షులను ఒకరి తర్వాత ఒకరిని నిలబెడుతున్నారు, వాళ్ల మాటలు ఒకదానికొకటి కుదరడం లేదు. బయట ముంగిట్లో చలిమంట. ఒక పనిపిల్ల "నువ్వూ ఆయనతో ఉన్నవాడివే" అంది. మొదటిసారి పేతురు తెలియదని ఊరుకున్నాడు. రెండోసారి ఒట్టు పెట్టుకొని "ఆ మనిషిని నేనెరుగను" అన్నాడు. మూడోసారికి శపించుకోవడం కూడా మొదలుపెట్టాడు. అబద్ధం నిలబడకపోయేకొద్దీ ఒట్టు పెద్దదైంది.

ఆ అక్క ప్రశ్నకు జవాబు మార్కు 6లో ఉంది. హేరోదు తన పుట్టినరోజు విందులో ఆడిన అమ్మాయితో ఏమడిగినా ఇస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. ఆమె బాప్తిస్మమిచ్చు యోహాను తల అడిగింది. రాజుకు దుఃఖం కలిగినా, అతిథుల ముందు ఒట్టు తప్పడమెలా అని యోహానును చంపించాడు. చెడ్డ ఒట్టును నిలబెట్టుకోవడం హేరోదు పని. పైసలిచ్చి పెట్టించిన ఒట్టు ఓటరును కట్టేయలేదు, పిల్లలకు ఏమీ కాదు. తప్పు ఆ పైసలు తీసుకొని మాటివ్వడం దగ్గర జరిగింది, దానికి పశ్చాత్తాపపడాలి. పసిపిల్లల మీద ఒట్టు పెట్టించిన నాయకుడి పాపం అంతకంటే పెద్దదని కూడా ఆమెకు చెప్పాలి.

ప్రాణం కాపాడే అబద్ధం మాటేమిటి? ఐగుప్తులో హెబ్రీ మంత్రసానులు ఫరోకు అబద్ధం చెప్పి మగపిల్లలను బతికించారు. యెరికోలో రాహాబు ఇద్దరు వేగులవాళ్లను మిద్దె మీద జనపకట్టె కింద దాచి, రాజు మనుషులతో "వెళ్లిపోయారు" అంది. ఉత్తర ఆఫ్రికాలో బిషప్పుగా ఉన్న అగస్టీను 395 ప్రాంతంలో ఒకటి, 420 ప్రాంతంలో ఇంకొకటి, అబద్ధం మీద రెండు గ్రంథాలు రాసి, ఏ అబద్ధమూ న్యాయం కాదన్నాడు. దేవుడు ఆ ఆడవాళ్ల దయను దీవించాడు, అబద్ధాన్ని కాదు అన్నాడు. అదే కాలపు సన్యాసి జాన్ కాసియన్ ఒప్పుకోలేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడే విషపు మందు లాంటిది, మామూలప్పుడు ముట్టుకుంటే చంపుతుంది అన్నాడు. పదహారు వందల ఏళ్లయినా ఆ వాదం తెగలేదు.

నల్లగొండ వాళ్లకు ఇది పుస్తకాల వాదం కాదు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో దళాలకు అన్నం పెట్టి, గడ్డివాముల్లో దాచి, రజాకార్లో పోలీసులో వచ్చి గద్దిస్తే "ఎవరూ రాలేదయ్యా" అన్న తల్లులు ఈ జిల్లాలో ఊరూరా ఉన్నారు. వాళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు. తన ప్రాణం అడ్డం పెట్టి ఇంకొకరి ప్రాణం కాపాడినవాళ్లు వాళ్లు. ఆ తల్లుల పేరు చెప్పుకొని చిట్టీ పైసల దగ్గర, పొలం హద్దు దగ్గర అబద్ధమాడేవాళ్లతోనే నాకు పేచీ.

ఇప్పుడు ఆ పాయ దగ్గరికి వద్దాం. 1527 ఫిబ్రవరిలో స్విట్జర్లాండ్ సరిహద్దులోని ష్లైట్‌హైమ్ అనే ఊళ్లో కొందరు విశ్వాసులు రహస్యంగా కలిసి ఏడు తీర్మానాలు చేసుకున్నారు. ఏడోది ఒట్టు గురించి: యేసు వద్దన్నాడు కాబట్టి ఎవరి ముందూ ప్రమాణం చేయం. పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకుంటారని లోకం వాళ్లను అనబాప్టిస్టులు అంది. అప్పటి స్విస్ నగరాల్లో పౌరులంతా ఏటా పాలకులకు విధేయత ప్రమాణం చేయాలి, చేయనివాడు రాజద్రోహి కింద లెక్క. ఆ తీర్మానాలు రాసిన మైకేల్ సాట్లర్‌ను పట్టుకొని, అదే ఏడు మే నెలలో విచారించారు. అతని మీద మోపిన నేరాల్లో ప్రమాణం వద్దని బోధించడం ఒకటి. నాలుక కోసి, కాల్చిన పట్టకార్లతో ఒళ్లు చీల్చి, సజీవంగా తగలబెట్టారు. కొన్ని రోజులకు అతని భార్య మార్గరెతాను నదిలో ముంచి చంపారు.

మిగిలినవాళ్లను నెదర్లాండ్స్ వైపు కూడగట్టిన మాజీ కేథలిక్ ప్రీస్టు మెన్నో సైమన్స్. అతని పేరు మీదే మెన్నోనైట్లు అయ్యారు. తరిమితే తరిమినచోటల్లా పోయి, చివరికి రష్యా సామ్రాజ్యంలో, ఇవాళ్టి ఉక్రెయిన్ నేలల్లో సేద్యం చేసుకుంటూ స్థిరపడ్డారు. 1860లో అక్కడ వాళ్లలోంచి మెన్నోనైట్ బ్రదరెన్ అనే శాఖ పుట్టింది. ఆ శాఖకు చెందిన అబ్రహం ఫ్రీజెన్, మరియా దంపతులు అమెరికన్ బాప్టిస్టులతో కలిసి పనిచేస్తూ 1890లో నల్లగొండలో దిగారు. 1899లో అమెరికా నుంచి వచ్చిన అదే శాఖవాళ్లు తర్వాత నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, జడ్చర్ల దాకా విస్తరించారు. ఇవాళ ఈ ఊళ్లలో కనబడే ఎం.బి. (మెన్నోనైట్ బ్రదరెన్) చర్చి బోర్డుల వెనక చరిత్ర ఇది. ఆ రెండక్షరాల వెనక, ఒట్టు పెట్టం అన్నందుకు, మనుషులు కాలిపోయారని మన సండే స్కూల్ పిల్లలకు చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అందరు క్రైస్తవులూ ఒట్టును కాదనరు. కేథలిక్కులు, లూథరన్లు, ఆంగ్లికన్లు కోర్టు ప్రమాణాన్ని ఒప్పుకుంటారు. ప్రధాన యాజకుడు దేవుని తోడని ఆనబెట్టినప్పుడు యేసు జవాబిచ్చాడు కదా అంటారు. ఇంగ్లండులో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు కూడా ప్రమాణం చేయం అని మొండికేసి జైళ్లు నింపితే, 1696లో వాళ్లకు ప్రమాణం బదులు ధ్రువీకరణకు చట్టం వీలిచ్చింది. మన దేశంలో 1969 నాటి ప్రమాణాల చట్టం కూడా ఏ సాక్షికైనా ఆ వీలు ఇస్తుంది. జడ్చర్లలో అయినా నల్లగొండలో అయినా బోనెక్కిన విశ్వాసి "ప్రమాణం బదులు ధ్రువీకరిస్తానండి" అని అడగొచ్చు. అబద్ధం చెప్తే శిక్ష మాత్రం ఇద్దరికీ ఒకటే.

నిజాం కాలంలో ఇక్కడ సువార్త విన్నవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ వాడలవాళ్లు. వెట్టి చేస్తూ, "నీ బాంచన్ కాల్మొక్త" అనక తప్పని బతుకులు. దొర ముందు వాళ్ల మాటకు విలువ లేదు. అలాంటి మనిషికి నీ అవును అవునే, నీ కాదు కాదే, దేవుడు లెక్కపెడతాడు అని చెప్పడం చిన్న విషయం కాదు. అందుకే ఇవాళ కొన్ని కూటాల్లో స్టేజీ మీద జరిగే కొన్ని సాక్ష్యాలు చూస్తే మనసు మండుతుంది. తగ్గని క్యాన్సర్ తగ్గిందని, చూపు రానివాడికి వచ్చిందని చెప్పించడం. అగస్టీను అబద్ధాలను ఎనిమిది రకాలుగా విడగొట్టి, మతబోధలో ఆడే అబద్ధాన్నే అన్నిటికంటే ఘోరమైనదిగా మొదట పెట్టాడు. దేవుడికి మన అబద్ధంతో పనిలేదు.

అన్నిటికంటే బరువైంది కులం సర్టిఫికెట్ సంగతి. 1950 ఆగస్టు నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులను మాత్రమే షెడ్యూల్డ్ కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులు బయటే ఉన్నారు. తెలంగాణలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లకు వెనకబడిన తరగతుల్లోని బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్ ఉంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో సంబంధం లేకుండా ఎస్సీ హోదా ఇవ్వాలంది. 2022లో ఇదే విషయం చూడమని కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో ఇంకో కమిషన్ వేశారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, క్రైస్తవంలో ఉంటూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది. మధ్యలో నలిగేది ఇంటర్ అయిపోయిన పిల్లాడు. సంఘం రిజిస్టర్లో ఒక పేరు, కాలేజీ ఫారంలో ఇంకో పేరు, మతం గడి దగ్గర పెన్ను ఆగిపోతుంది. అంటరానితనం మాత్రం మతం గడి చూసి వదిలిపెట్టదు.

హిందువునని రాసి పెట్టే ఆ సంతకం నిజమని నేను చెప్పలేను, నాకు తెలిసిన సువార్త ఒప్పుకోదు. ఆ పిల్లాణ్ణి అబద్ధికుడని పల్పిట్ మీంచి తిట్టడానికీ నా మనసొప్పదు, ఎందుకంటే నిజం చెప్పినందుకు చదువు పోగొట్టే నియమం అతను రాసింది కాదు. బీసీ-సి అని నిజం రాసి ఎస్సీ సీటు, స్కాలర్‌షిప్, అట్రాసిటీ చట్టం రక్షణ వదులుకున్న కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. మందిరానికి కొత్త టైల్స్, కొత్త సౌండ్ సిస్టమ్ కంటే ముందు కానుకల పైసలు ఆ ఇళ్ల పిల్లల ఫీజుకు పోవాలి. ఆ పని చేయని సంఘానికి వాళ్లను నిజం రాయమని అడిగే హక్కు లేదు.