ఒక కప్ప జాతి రెండుగా చీలేదెలా: తూర్పు కనుమల పొదకప్పల నేపథ్యం

పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో మృగశిర కార్తె తొలి వానలు పడిన రాత్రి, వీధి దీపం కింద పురుగుల కోసం కాచుకుని కూర్చునే గోదురు కప్పను చూడనివారుండరు. ఒళ్లంతా పొక్కులు, కంటి మీదుగా నల్లటి గట్టు, ముట్టుకుంటే పొడిగా, గరుకుగా తగిలే చర్మం దాని గుర్తులు. 1799లో పేరు పొందిన ఈ కప్పను చాలాకాలం బ్యూఫో అనే ప్రజాతిలోనే (దగ్గరి జాతుల సమూహంలోనే) లెక్కించారు. 2006లో దాన్ని విడదీసి దత్తాఫ్రైనస్ అనే కొత్త ప్రజాతిలో చేర్చారు. ఆ పేరులోని దత్తా ఒడిశాకు చెందిన ఉభయచర శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా. మన గుమ్మం ముందు గెంతే కప్ప ఈ నేల మనిషి పేరు మోస్తోందని ఇక్కడి పిల్లలకు బడిలోనే చెప్పాలని నాకు అనిపిస్తుంది. అయితే ఈ కథనం గోదురు కప్ప గురించి కాదు. అదే దత్తా 2003లో ఒడిశా ఉత్తరాన ఉన్న సిమిలిపాల్ అడవి నుంచి వర్ణించిన ఒక చిన్న పొదకప్ప గురించి, దాని చుట్టూ సాగిన చర్చ గురించి.

సిమిలిపాల్ పొదకప్ప కంటే ముందే మరో రెండు పొదకప్పలకు పేర్లు వచ్చాయి. ఇంద్రనీల్ దాస్, ఎస్.కె. చందా 1997లో మధ్యప్రదేశ్‌లోని అమర్‌కంటక్ నుంచి ఒకదాన్ని వర్ణించి, పవిత్ర వనం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. 1998లో ఆ ఇద్దరే ఉమ్మడి విశాఖపట్నం జిల్లా కొండల నుంచి మరొకదాన్ని ప్రకటించారు. మూడూ బొటనవేలి కొస మీద ఇమిడిపోయేంత చిన్నవి, మూడూ చూడటానికి దగ్గరి పోలికలవి. ఇవి నిజంగా మూడు జాతులా, లేక ఒకే జాతికి మూడు చోట్ల పెట్టిన మూడు పేర్లా అన్న ప్రశ్న అప్పటినుంచీ నలుగుతూనే వచ్చింది. ఒకటే అన్న వాదన క్రమంగా బలపడింది. సిమిలిపాల్‌కూ విశాఖ మన్యానికీ నడుమ ఉన్నవి గజపతి, రాయగడ, కోరాపుట్ కొండలే కాబట్టి ఈ ప్రశ్న సరిహద్దు జిల్లాలవారిది కూడా. దానికి సమాధానం వెతకాలంటే అసలు ఒక జాతి ఎలా పుడుతుందన్న ఆలోచన ఎక్కడ మొదలైందో చూడాలి.

ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1852లో అమెజాన్ కోతుల గురించి రాస్తూ, పెద్ద నదికి ఇటు ఒడ్డున ఒక రకం, అటు ఒడ్డున దానికి దగ్గరిదైన మరో రకం ఉంటున్నాయని గమనించారు. డార్విన్ 1859లో కప్పల గురించే సూటిగా ఒక మాట చెప్పారు: నడిసముద్రపు దీవుల్లో కప్పలు దాదాపుగా లేవు, ఎందుకంటే ఉప్పునీరు కప్పనూ దాని గుడ్లనూ చంపేస్తుంది. పక్షి ఎగిరి దాటే నీటిని కప్ప దాటలేదు. ఈ పరిశీలనలన్నిటినీ కూడగట్టి 1942లో ఎర్నెస్ట్ మేయర్ ఇచ్చిన వివరణ నేటికీ పునాదిగా నిలిచి ఉంది. ఒక జాతిలోని రెండు గుంపులు ఏ కొండ వల్లో, నది వల్లో, ఎండిన మైదానం వల్లో చాలాకాలం విడిపోయి ఉంటే వాటి జన్యువుల్లో మార్పులు వేర్వేరుగా పేరుకుంటాయి. చివరకు మళ్లీ ఒకచోట చేరినా అవి కలిసి సంతానం కనలేని స్థితి వస్తే, అక్కడ ఒకటి రెండైనట్టు.

ఉష్ణమండలంలో ఈ అడ్డుగోడలు మరింత ఎత్తుగా ఎందుకుంటాయో 1967లో డేనియల్ జాన్‌జెన్ వివరించారు. చలిదేశాల్లోని జీవి ఏడాదిలోనే మంచునూ ఎండనూ రెంటినీ ఓర్చుకుంటుంది కాబట్టి కొండ దిగినా ఎక్కినా దానికి కొత్తేమీ కాదు. ఏడాది పొడవునా ఒకే రకమైన చల్లని తేమలో బతకడానికి అలవాటుపడిన ఉష్ణమండలపు జీవికి మాత్రం పక్క లోయలోని వేడే గోడగా నిలుస్తుంది. చర్మంతో నీరు పీల్చి, చర్మంతోనూ ఊపిరి తీసే కప్ప విషయంలో ఇది మరీ నిజం. 1,501 మీటర్ల మహేంద్రగిరి మీద నీడ పట్టిన గెడ్డ పక్కన, నాచు పట్టిన రాయి కింద చేయి పెడితే నడి వేసవిలోనూ చల్లగా తగులుతుంది. అదే రోజున దిగువన పలాస వైపు జీడితోటల్లో నేల కాళ్లు కాలుస్తుంది. ఈ రెంటి మధ్య దూరాన్ని మనిషి ఒక పూటలో దిగుతాడు. రెండు సెంటీమీటర్ల కప్పకు అది సముద్రమే.

అయితే విడిపోవడం కథలో సగం మాత్రమే. 1969లో యుర్గెన్ హాఫర్ అనే శాస్త్రవేత్త, మంచుయుగాల్లో వర్షాలు తగ్గి అమెజాన్ అడవి ముక్కలైందనీ, ఆ ముక్కల్లో చిక్కుకున్న పక్షులు వేర్వేరు జాతులయ్యాయనీ ప్రతిపాదించారు. అమెజాన్ విషయంలో ఆ వాదనకు తర్వాత చాలా విమర్శలే వచ్చాయి. కానీ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వానఅడవుల్లో దాదాపు అలాంటిదే జరిగిందనడానికి ఒక చెట్టుకప్ప సాక్ష్యం చెప్పింది. ఆకుపచ్చ కళ్ల ఆ కప్పలు అడవి కుంచించుకుపోయిన కాలంలో ఉత్తర, దక్షిణ శాఖలుగా విడిపోయి, అడవి మళ్లీ విస్తరించాక ఒకచోట ఎదురుపడ్డాయి. కాన్రాడ్ హాస్కిన్, సహచరులు 2005లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం దక్షిణపు ఆడకప్ప ఉత్తరపు మగకప్పతో జతకడితే ఆ తోకకప్పలు బతికి బట్టకట్టవు. ఏడాది శ్రమంతా ఒక్క రాత్రి పొరపాటుతో నీటిపాలవుతుంది కాబట్టి, తన శాఖ మగకప్ప కూతను గుర్తుపట్టి ఎంచుకున్న ఆడకప్పకే పిల్లలు మిగిలాయి. ఉత్తరపు కప్పల నడుమ చిక్కుపడిన ఒక చిన్న దక్షిణ గుంపులో మగకప్పల కూత బాగా మారిపోయింది; అక్కడి ఆడకప్పలు దక్షిణాన ఉన్న తమ సొంత శాఖ మగకప్పలను సైతం కాదనేంతగా మారింది. ఇదంతా సుమారు 8,000 ఏళ్లలోపు జరిగింది. లక్షల ఏళ్ల దూరం చేయలేని పనిని చెవి కొన్ని వేల ఏళ్లలో చేసింది. ఈ మొత్తం చరిత్రలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్న ఘట్టం ఇదే.

పనామాలోని బోకాస్ దెల్ తోరో దీవుల్లో ఆ పని కన్ను చేస్తున్నట్టు కనిపిస్తుంది. మంచుయుగం తర్వాత సముద్రమట్టం పెరిగి అక్కడి కొండలు దీవులయ్యాయి. వాటి మీది విషకప్పలు ఒక్కో దీవిలో ఒక్కో రంగుకు మారాయి. తల్లికప్ప ఆకుల నడుమ నిలిచిన నీటిలో తోకకప్పలను ఉంచి, ఫలదీకరణం కాని గుడ్లు పెట్టి వాటిని మేపుతుంది. 2019లో వెలువడిన అధ్యయనంలో వేరే రంగు పెంపుడు తల్లి పెంచిన ఆడకప్పలు పెద్దయ్యాక ఆ పెంపుడు తల్లి రంగు మగకప్పలనే ఇష్టపడ్డాయి. రెండు రంగులూ ఇంకా ఒకే జాతి. కానీ చీలిక ఎక్కడ మొదలుకావచ్చో అది చూపింది.

మన దేశానికి వస్తే, పడమటి కనుమల్లో కథ జాతుల సంఖ్య పెరిగే వైపు నడిచింది. 2003లో ఎస్.డి. బిజు, ఫ్రాంకీ బోసుయిట్ వర్ణించిన ఊదారంగు కప్పకు దగ్గరి బంధువులు సీషెల్స్ దీవుల్లో ఉన్నాయి. 2014లో ఒకేసారి 14 కొత్త నాట్య కప్ప జాతులను ప్రకటించారు. పొదకప్పలైతే అక్కడ పదుల సంఖ్యలో ఉన్నాయి. ఇవి గుడ్లను నీటిలో పెట్టవు. తడి ఆకుల మీదో మట్టిలోనో పెడితే, తోకకప్ప దశ లేకుండా గుడ్డులోంచే చిన్న కప్ప బయటికి వస్తుంది. చెరువు అక్కరలేని కప్ప ఎత్తయిన కొండ కొసన సైతం కాపురం పెట్టగలదు, కానీ ఆ కొండ దిగి పక్క కొండకు పోవాల్సిన అవసరమూ దానికి రాదు. పాలక్కాడ్ కనుమ వంటి తెంపులు, 2,000 మీటర్లు దాటిన శిఖరాలు, ఏటా తప్పని వాన కలిసి అక్కడ ఒక్కో కొండకూ ఒక్కో జాతిని నిలబెట్టాయి.

అదే పొదకప్ప తూర్పు కనుమలకు, మధ్య భారతానికి వచ్చేసరికి ఎందుకు చీలలేదు? నా పరిశీలనలో దానికి గుగ్గిలం (సాల్) అడవే ముఖ్య కారణం. అమర్‌కంటక్ నుంచి సిమిలిపాల్ మీదుగా ఉత్తరాంధ్ర ఏజెన్సీ దాకా ఆ చెట్ల అడవి ఒకప్పుడు ఇప్పటికంటే ఎంతో దట్టంగా అల్లుకుని ఉండేది. వానాకాలంలో ఆ నీడలో తడి ఆకుల మీదుగా కప్పలు తరతరాలుగా జరుగుతూ జన్యువులు కలుపుకోవడానికి దారి తెరిచే ఉంది. మైళ్ల దూరం ఒక్కటే జాతిని చీల్చదు. మధ్యలో దాటలేని గోడ ఉండాలి. ఇప్పుడు పోడు, జీడితోటలు, గనులు, రోడ్లు ఆ నీడను ముక్కలు చేశాయి కదా, ఇక కొత్త జాతులు పుడతాయేమో అని కొందరు అడుగుతారు. పుట్టవు. జాతి చీలడానికి వేల ఏళ్లు పడుతుంది. ఎండకు తెరుచుకున్న గెడ్డలో కప్పల గుంపు పోవడానికి కొన్ని వేసవులు చాలు. ఒడిశా ప్రభుత్వం మందసరు, మహేంద్రగిరి, గంధమార్దన్‌ల తర్వాత 2024లో కోరాపుట్ జిల్లా గుప్తేశ్వర్ అడవిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించడాన్ని ఈ కోణంలో నేను మనసారా ఆహ్వానిస్తాను. తీర్థానికి వెళ్లే తెలుగువారికి గుహలోని శివలింగంగానే తెలిసిన ఆ చోటు, నీడ తెగని అడవి కావడం వల్ల కప్పలకూ అంతే విలువైనది.

మూడు పేర్ల చర్చను తేల్చేది మ్యూజియం సీసాల్లోని రంగు వెలిసిన కప్పలు మాత్రమే కావు. వేలి కొస నుంచి తీసిన చిటికెడు కణజాలంలోని జన్యువులు, బతికున్న మగకప్ప కూత కూడా కావాలి. ఆ కూతను పోల్చడంలో ఒక మెలిక ఉంది: కప్ప చల్లటి నెత్తురు జీవి కాబట్టి గాలి వెచ్చబడితే దాని కూతలోని టకటకలు వేగం పుంజుకుంటాయి, చలిలో మందగిస్తాయి. అమర్‌కంటక్ చలిరాత్రి పాడిన కప్పా, మన్యంలో ఉక్కపోత రాత్రి పాడిన కప్పా ఒకే జాతివైనా చెవికి రెండుగా వినిపించవచ్చు. అందుకే రాయగడ కొండల్లో రాత్రిపూట రికార్డర్ పట్టుకుని గెడ్డ వెంట నడిచే పరిశోధక విద్యార్థి, కప్ప కూయడం ఆపిన మరుక్షణం అది కూర్చున్న ఆకు పక్కన ఉష్ణమాపిని పెట్టి, అది చూపిన అంకెను కూత పక్కనే రాసుకుంటాడు.