మనిషి కంటే ముందు ప్లాస్టర్ బొమ్మ

19వ శతాబ్దపు పారిస్‌లో చిత్రకళ నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడి ముందు మొదటిరోజే మనిషిని నిలబెట్టేవారు కాదు. ముందు కాగితం మీద అచ్చువేసిన బొమ్మలు చూసి ముక్కు, చెవి, పాదం విడివిడిగా దించాలి. తర్వాత గ్రీకు, రోమన్ శిల్పాల ప్లాస్టర్ పోతల ముందు కూర్చుని వెలుగునీడలు సాధన చెయ్యాలి. అది చేతికి పట్టుబడ్డాకే నగ్నంగా నిలబడే మోడల్ ఉన్న గదిలోకి ప్రవేశం. అక్కడ గీసిన బొమ్మకు 'అకడెమీ' అనే పేరు.

ఈ పద్ధతికి మూలం 1648లో రాజు అండతో పారిస్‌లో వెలిసిన చిత్ర, శిల్ప కళల అకాడమీ. దానికి కొత్త బలం తెచ్చినవాడు జర్మన్ పండితుడు వింకెల్మాన్. మనం గొప్పవాళ్లం కావాలంటే ప్రాచీనులను అనుకరించడమే దారి అని 1755లో రాశాడు. ఆయన ఆరాధించిన బెల్వెడేర్ అపోలో రోమన్ల కాలపు పాలరాతి శిల్పం. గ్రీకు కంచు విగ్రహానికి నకలని చాలామంది పండితుల అభిప్రాయం. విద్యార్థి చూసింది దానికి మళ్లీ ప్లాస్టర్ నకలు. గ్రీకులు తమ శిల్పాలకు రంగులు వేసేవారు. ఆ రంగులు పోయాక మిగిలిన తెలుపునే యూరప్ ఆదర్శంగా పెట్టుకుంది. ఎదురుగా ఉన్న మోడల్ వంకర కాలును, జారిన పొట్టను ఆ ఆదర్శానికి తగ్గట్టు కాగితం మీద సరిదిద్దడం నేర్పారు. నాకు మనసుకు కష్టంగా అనిపించేది ఇదే.

ఫ్రెంచ్ చిత్రకారుడు ఆంగ్ర్ ఇంకో అడుగు ముందుకెళ్లాడు. 1814లో ఆయన వేసిన నగ్న స్త్రీ చిత్రం 'గ్రాండ్ ఒదలిస్క్' 1819లో ప్రదర్శనకు వచ్చినప్పుడు, ఆమె వెన్నులో ఎముకలు ఎక్కువయ్యాయని విమర్శకులు మండిపడ్డారు. గీత అందం కోసం ఆయన వీపును కావాలనే సాగదీశాడు.

పారిస్‌లో జరిగే అధికారిక చిత్ర ప్రదర్శన పేరు సలోన్. 1863 సలోన్‌లో చిత్రకారుడు కబనెల్ వేసిన ప్రేమదేవత వీనస్ బొమ్మను చక్రవర్తి మూడో నెపోలియన్ కొనుక్కున్నాడు. అదే ఏడు మానే అనే చిత్రకారుడు 'ఒలింపియా' అనే నగ్న చిత్రం వేశాడు. అందులో ఉన్నది దేవత కాదు, చూసేవాళ్ల కళ్లలోకి సూటిగా చూస్తున్న పారిస్ స్త్రీ. 1865లో దాన్ని ప్రదర్శిస్తే పెద్ద గొడవైంది.

అయినా ఆ సాధనను తీసిపారేయలేం. వాన్ గో సొంతంగా బొమ్మలు నేర్చుకుంటూ 1880లలో, ఇదే పద్ధతిలో బార్గ్ అనే ఫ్రెంచ్ కళాకారుడు కూర్చిన డ్రాయింగ్ పాఠాలను ఓపికగా దించుకున్నాడు.

ఆడవాళ్లకు మాత్రం ప్రభుత్వ కళాశాల ఎకోల్ దె బోజార్ తలుపులు 1897 దాకా తెరుచుకోలేదు. శరీరాన్ని చూసి గీయడం రాకపోతే, అప్పట్లో అన్నిటికంటే గొప్పదనుకున్న చారిత్రక, పౌరాణిక చిత్రణ అందదు. అందుకే చాలామంది 1868లో మొదలైన ప్రైవేటు అకాడమీ జూలియన్‌లో డబ్బు కట్టి మరీ ఆ చదువు చదువుకున్నారు.