గడ్డి కూరిన దూడ, ముడతల్లేని వాల్రస్

పాడి ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, దూడ చచ్చిపోతే తోలు ఒలిచి, ఆరబెట్టి, లోపల గడ్డి కూరి గేదె ముందు పెట్టేవారు. కాళ్లు వంకర, పొట్ట ఒకవైపు ఉబ్బు, కళ్లుండాల్సిన చోట చిల్లులు. అయినా గేదె దాన్ని నాకుతూ చేపేది. గేదెకి వాసన చాలు. మనకి చాలదు, రూపం కావాలి. చచ్చిన జంతువు తోలుతో బతికున్నట్టుండే బొమ్మ చేసే పనిని టాక్సిడెర్మీ అంటారు, అందులో తలనొప్పంతా అక్కడే.

లండన్‌లో హార్నిమన్ మ్యూజియం అని ఉంది, అందులో ఒక వాల్రస్, అంటే పొడుగు కోరలుండే చలి సముద్రాల జంతువు. 1886లో లండన్ ప్రదర్శనకి పెట్టినది. కెనడా నుంచి వచ్చిన ఆ తోలుని బొమ్మగా చేసినవాళ్లు బతికున్న వాల్రస్‌ని చూసి ఉండరు. దాని ఒళ్లంతా ముడతలే ఉంటాయని తెలియక, తోల్లో ఎంత పడితే అంత కూరేశారు. ఇప్పుడది గాలి కొట్టిన ట్యూబులా నున్నగా నిగనిగలాడుతోంది. నేనైతే వాళ్లని తప్పుపట్టను. లోపల ఏముండేదో తోలుని చూస్తే తెలియదు కదా.

అమెరికాలో ఇదే పని చేసే కార్ల్ ఏక్లీ (1864–1926) అసలు కూరడమే వద్దనుకున్నాడు. వేటాడిన చోటే జంతువుకి కొలతలు తీసుకునేవాడు. తర్వాత దాని ఎముకలతో చట్రం కట్టి, వినాయకుడి బొమ్మకి మెత్తినట్టు మట్టి మెత్తి, ఏ కండ ఎక్కడ బిగుస్తుందో ఎక్కడ వదులవుతుందో చూసుకుంటూ శరీరాన్ని మలిచేవాడు. దాని మీద ప్లాస్టర్ అచ్చు తీసి, ఆ అచ్చులో వైరు మెష్, కాగితపు గుజ్జులాంటివాటితో తేలికైన డొల్ల ఒళ్లు పోసి, ఆఖర్న తోలు తొడిగేవాడు. షికాగో ఫీల్డ్ మ్యూజియంలో పోట్లాడుకునే రెండు ఏనుగులు ఆయన చేసినవే. మన దగ్గర, పులుల వేట జోరుగా సాగిన రోజుల్లో, మైసూరులో ఈ బొమ్మలు చేసే దుకాణం నడిపిన వాన్ ఇంగెన్ వాళ్లు కూడా తోలు లోపల కాగితపు గుజ్జు ఒళ్లే వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగింది, 1999లో ఆ దుకాణమూ మూతపడింది.

అన్నట్టు, పాత బొమ్మలు కనిపిస్తే ఒట్టి చేత్తో ముట్టుకోకండి, పురుగు పట్టకుండా ఆర్సెనిక్ పూసేవారు.

ఈరోజుల్లో ఒంటికి ఫోమ్ అచ్చులు వచ్చేశాయి, ముఖం మాత్రం ఇప్పటికీ చేతిపనే. పులి కంటిపాప గుండ్రం, ఇంటి పిల్లిది నిలువు చీలిక, గాజు కళ్లు ఎంచుకునేటప్పుడు ఇక్కడ పొరపడితే పులి కాస్తా పెద్ద సైజు పిల్లి అయిపోతుంది. కన్ను సరిపోయినా రెప్ప అంచు కాస్త ఎక్కువ తెరుచుకుంటే భయపడ్డట్టుంటుంది. ముక్కు ఎండితే కుంచించుకుపోయి రంగు పోతుంది, దాన్ని మళ్లీ సరిచేసి, రంగేసి, తడి మెరుపు కోసం పైన సన్నగా వార్నిష్ పూస్తారు. దగ్గరికెళ్లి చూస్తే ఇప్పుడే మూతి నాక్కుందేమో అనిపించేది ఆ పూత వల్లే.